లెప్రసీ ఎప్పుడో నయమైన మామగారికి ఇప్పుడు డిమెన్షియా: ఇది జీన్స్ వల్లా, పాత జబ్బు వల్లా?

నిద్రలేని_కోడలు

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

మా మామగారికి 76 ఏళ్ళు. 27 ఏళ్ళ వయసులో లెప్రసీ వచ్చింది. మొదట్లో ఏళ్ళ తరబడి డాప్సోన్ ఒక్కటే మింగారు, తర్వాత మూడు మందుల కోర్సు వచ్చాక అదీ పూర్తి చేశారు. నయమైందని కార్డు మీద రాసిచ్చి 35 ఏళ్ళు దాటింది. జబ్బు పోయింది గానీ అది చేసిపోయిన నష్టం అలాగే ఉంది. రెండు చేతుల వేళ్ళూ ముడుచుకుపోయాయి, పాదాల్లో స్పర్శ లేదు, ఎడమ కంటి రెప్ప పూర్తిగా మూతపడదు, ఆ కన్ను ఇప్పుడు కనపడదు కూడా. అయినా ఎవరి చేతా ఒక్క పని చేయించుకునే మనిషి కాదు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి తీగ వంచి కొక్కెం లాంటిది తనే చేసుకున్నారు.

ఏడాదిన్నర నుంచి తేడాగా ఉంటున్నారు. అడిగిందే అడగడం, ఇంకా చేయని స్నానం అయిపోయిందనడం, కొడుకుని తమ్ముడి పేరుతో పిలవడం. పోయిన నెల జరిగింది చెప్తాను. నీళ్ళ వేడి ఆయన ఎప్పుడూ మోచేత్తో చూసుకునేవారు, పాదాలకీ వేళ్ళకీ తెలియదు కాబట్టి ఆసుపత్రిలో కుర్రతనంలోనే నేర్పారట. ఆ రోజు మాత్రం నేరుగా బకెట్లో కాళ్ళు పెట్టేశారు. సాయంత్రం నేను సాక్స్ తీస్తుంటే దాంతోపాటే తోలు వచ్చేసింది. ఆయన వంగి చూసి "ఏమైందమ్మా?" అని నన్ను అడిగారు.

డాక్టరుకి చూపించాం. ఏవో ప్రశ్నలడిగి 30కి 15 మార్కులు వేసి డిమెన్షియా అన్నారు. పాత జబ్బు సంగతి చెప్పగానే "లెప్రసీ నరాల జబ్బే కదా, మెదడుకీ పాకి ఉంటుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అక్కడి నుంచి మా ఆయనకి టెన్షన్ పట్టుకుంది. వాళ్ళ మేనత్తకి, అంటే మామగారి అక్కకి కూడా 78 దాటాక మతి పూర్తిగా పోయింది, ఆవిడకి లెప్రసీ లేదు. అంటే రెండు జబ్బులూ మా రక్తంలోనే ఉన్నాయా, నాకూ వస్తుందా, పిల్లలకీనా అని రాత్రిళ్ళు ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నారు. ఏపీఓఈ అనే జీన్ టెస్టు ఉందట, మామగారికీ తనకీ చేయించాలంటున్నారు. ఇంకోపక్క డాప్సోన్ వాడినవాళ్ళకి అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమట) రాదని ఒక వీడియో చూశాం. మరి ఈయనకి ఎలా వచ్చింది? తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి. నాకు ధైర్యం చెప్పొద్దు, సంగతి చెప్పండి.

అరపేజీ

ఆ డాప్సోన్ సంగతి నేనూ చదివానక్కా, ఉత్త వీడియో పుకారు కాదు. జపాన్‌లో లెప్రసీ వచ్చిన వృద్ధుల మీద చేశారు, 1992లో వచ్చింది. మందులు ఆపకుండా వాడుతున్నవాళ్ళలో డిమెన్షియా సుమారు 3 శాతం, ఐదేళ్ళుగా మందు మానేసినవాళ్ళలో 6 శాతం పైన. సగానికి సగం తేడా! మీ మామగారు మానేసి 35 ఏళ్ళయింది కాబట్టి ఆ రక్షణ పోయి ఉంటుంది. మళ్ళీ తక్కువ డోసులో మొదలుపెట్టించొచ్చేమో డాక్టర్ని అడగండి.

పాత_స్టెతస్కోప్

అరపేజీగారూ, చివరి వాక్యం దగ్గర ఆగండి. అమ్మా, దయచేసి ఆ పని చేయకండి.

నేను రిటైరైన డాక్టర్ని, సర్వీసులో ఎక్కువ భాగం లెప్రసీ వార్డుల్లోనే గడిచింది. ఆ 1992 పేపరు వచ్చినప్పుడు మేమూ తెగ సంబరపడ్డాం. డాప్సోన్ వాపుని తగ్గించే మందు, అల్జీమర్స్‌లో మెదడులో వాపు లాంటిది ఉంటుందని అప్పుడప్పుడే తెలుస్తోంది, కాబట్టి లెక్క కుదిరినట్టే కనిపించింది. అలాంటి లెక్కలు తీయడానికి జపాన్ అనువైన చోటు, కారణం వింటే బాధేస్తుంది. అక్కడ లెప్రసీ వచ్చినవాళ్ళని చట్టం పెట్టి ప్రభుత్వ శానటోరియంలలో ఉంచేశారు, ఆ చట్టం 1996లో గానీ రద్దు కాలేదు. మనుషులు వయసులో లోపలికి వెళ్ళి అక్కడే ముసలివాళ్ళయ్యారు, ఎవరు ఏ మందు ఎన్నాళ్ళు మింగారో అంతా రిజిస్టర్లలో ఉంది.

అయితే ఆ తేడాకి వేరే కారణాలు బోలెడు ఉండొచ్చు. మతి తప్పుతున్న మనిషికి మందులు వేళకి వేయడం కష్టం, డాక్టరే ఆపేస్తాడు. అలాంటివాళ్ళంతా "మందు మానేసినవాళ్ళ" లెక్కలోకి వెళ్తారు, అప్పుడు మందు మానడం వల్ల మతి పోయిందా, మతి పోతున్నందుకు మందు మానారా? 1999లో జపాన్ పరిశోధకులే మళ్ళీ చూసి లెప్రసీ మందులకి అల్జీమర్స్‌ని ఆపే గుణం ఏమీ కనిపించలేదని రాశారు. అల్జీమర్స్ ఉన్నవాళ్ళకి నేరుగా డాప్సోన్ ఇచ్చి చూసిన ట్రయల్ కూడా తేలిపోయింది. వీడియోల వాళ్ళు మొదటి పేపరు దగ్గరే ఆగిపోతారు, రెండోది చెప్తే చూసేవాళ్ళు ఉండరుగా.

పైగా 76 ఏళ్ళ వయసులో డాప్సోన్ అంటే ఆషామాషీ కాదు. ఎర్రకణాల్ని పగలగొడుతుంది, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్ళలో మరీను. రక్తంలో హీమోగ్లోబిన్‌ని కొంత మెథిమోగ్లోబిన్‌గా మార్చేస్తుంది, అది ఆక్సిజన్ మోయదు. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 85 దగ్గర చూపిస్తూ ఉంటుంది, పెదాలు నీలంగా ఉంటాయి, ముసలాయన తికమకగా మాట్లాడతాడు. మతిమరుపుకి మందని వేస్తే మతిమరుపే పెరిగిందనుకుంటారు.

ఇక మెదడుకి పాకిందన్న మాట. లెప్రసీ బాక్టీరియాకి చల్లగా ఉండే చోట్లు కావాలి. చర్మం, ముక్కు లోపలి పొర, కంటి ముందు భాగం, చర్మానికి దగ్గరగా పోయే నరాలు, వాటిమీద తొడుగులా ఉండే ష్వాన్ కణాలు, ఇవీ దాని ఇళ్ళు. మోచేయి దగ్గర నరం లావెక్కడం, వేళ్ళు ముడుచుకోవడం అందుకే. మెదడు వెచ్చటి చోటు, అక్కడ ష్వాన్ కణాలూ ఉండవు. లెప్రసీ బాక్టీరియా మెదడులో చేరి డిమెన్షియా తెప్పించడాన్ని నా సర్వీసులో నేను ఒక్క కేసులో కూడా చూడలేదు. ఆ డాక్టరుగారు "నరాలు" అనే మాట పట్టుకుని వెళ్ళిపోయారు, చేతి నరం వేరు, మెదడు వేరు. ఒకవేళ ఇది అల్జీమర్సే అయితే 76 ఏళ్ళకి ఎవరికైనా వచ్చేదే ఈయనకీ వచ్చింది.

ముందు థైరాయిడ్, బి12, రక్తహీనత, షుగర్ చూపించారా? తల స్కానింగ్? ఈమధ్య ఎక్కడైనా పడ్డారా? పాదాల్లో స్పర్శ లేనివాళ్ళు పడుతూనే ఉంటారు, తలకి చిన్న దెబ్బ తగిలినా ఈ వయసులో పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం మెల్లగా చేరి నెల తర్వాత మతి తప్పినట్టు చేస్తుంది. అది ఆపరేషన్‌తో బాగయ్యే జబ్బు. జీన్ల గురించి నాకంటే తెలిసినవాళ్ళు చెప్తే బావుంటుంది.

డీఎన్ఏ_గుమాస్తా

నేను చెప్తాను, జెనెటిక్స్ ల్యాబులో రిపోర్టులు రాయడమే నా రోజువారీ పని.

అక్కా, మీవారు "రక్తంలో ఉందా" అంటున్నది రెండు వేర్వేరు ప్రశ్నలు, కలిపేసుకోవడం వల్లే భయం రెట్టింపవుతోంది. ముందు లెప్రసీ. అది బాక్టీరియా వల్ల వచ్చే జబ్బు, 1873లో నార్వే డాక్టర్ హాన్సెన్ ఆ బాక్టీరియాని కనిపెట్టాడు. తండ్రి నుంచి కొడుక్కి జీన్లలో దిగదు. అయితే బాక్టీరియా తగిలిన ప్రతివాళ్ళకీ జబ్బు రాదు, నూటికి 95 మందిని వాళ్ళ రోగనిరోధక శక్తే కాపాడుతుంది. మిగతావాళ్ళు ఎందుకు పడతారన్న దాంట్లో జీన్ల పాత్ర ఉంది. మీ మామగారికి నయమై 35 ఏళ్ళయింది, కాబట్టి ఆయన నుంచి ఇంట్లో ఎవరికీ వచ్చేది లేదు.

ఇక్కడొక విచిత్రం ఉంది, నాకు భలే ఇష్టమైన సంగతి. 2004లో వియత్నాం కుటుంబాల మీద చేసిన పరిశోధనలో లెప్రసీ రావడానికి సంబంధం ఉన్న చోటు 6వ క్రోమోజోమ్ మీద దొరికింది, అది పార్కిన్ అనే జీను దగ్గర. ఆ జీను అప్పటికే పార్కిన్సన్స్ జబ్బు వాళ్ళకి బాగా తెలుసు. 2009లో చైనాలో వేలమంది మీద మొత్తం జీనోము జల్లెడ పట్టినప్పుడు ఎన్ఓడీ2 లాంటి రోగనిరోధక జీన్లతోపాటు ఎల్ఆర్ఆర్‌కే2 కూడా బయటపడింది, అదీ పార్కిన్సన్స్ జీనే. చర్మం జబ్బు అనుకునే దానికీ మెదడు జబ్బుకీ ఒకే జీన్లేమిటి అంటే, పార్కిన్ చేసే పని కణంలో పాడైన మైటోకాండ్రియాకి గుర్తు వేసి చెత్తలోకి పంపించడం. మైటోకాండ్రియా కోట్ల ఏళ్ళ కిందట బాక్టీరియాలే. కణంలోకి దూరిన బాక్టీరియాని పట్టుకోవడానికీ అదే చీపురు వాడుతుందన్నమాట.

ఇది చదివి మీవారు మళ్ళీ ఫోన్ పట్టుకుంటారేమో, అందుకే దీన్ని కాస్త సాగదీస్తున్నాను. చిన్న వయసులో వచ్చే పార్కిన్సన్స్‌లో పార్కిన్ జీను రెండు కాపీలూ పాడై ఉంటాయి. లెప్రసీలో దొరికినవి ఆ జీను పనిని కాస్త పెంచే తగ్గించే చోట ఉన్న చిన్న చిన్న తేడాలు, మామూలు జనంలో ఎంతోమందిలో ఉండేవి. అన్ని దేశాల జనంలోనూ అదే ఫలితం రాలేదు కూడా. కాబట్టి "లెప్రసీ వచ్చింది కాబట్టి మెదడు జబ్బు జీను ఉన్నట్టే" అని లెక్క వేయడానికి లేదు. పైగా అవి పార్కిన్సన్స్ వైపు జీన్లు, మీ మామగారి లక్షణాలు చూస్తే వణుకూ లేదు, నడక బిగుసుకోవడమూ లేదు, మతిమరుపుతోనే మొదలైంది.

ఇక ఏపీఓఈ. 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, రక్తంలో కొవ్వుని మోసే ప్రొటీన్‌ని తయారు చేస్తుంది. మూడు రకాలు: ఇ2, ఇ3, ఇ4. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. ఎక్కువమందికి ఇ3లే. ఇ4కీ అల్జీమర్స్‌కీ లంకె ఉందని 1993లో తేలింది. ఒక ఇ4 ఉంటే ముప్పు సుమారు మూడు రెట్లు, రెండు ఉంటే 8 నుంచి 12 రెట్లు అని సాధారణంగా చెప్తారు, జాతిని బట్టి ఇది బాగా మారుతుంది. మూడు రెట్లు అంటే గుండె గుభేల్‌మంటుంది గానీ ఇ4 ఉండి కూడా 90 ఏళ్ళకి చక్కగా పేపరు చదువుకునేవాళ్ళు ఉన్నారు, ఇ4 లేకుండా అల్జీమర్స్ వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇ4 ప్రభావం 60 నుంచి 75 మధ్య ఎక్కువ కనిపిస్తుంది, ఆ తర్వాత తగ్గుతూ పోతుంది. మేనత్తగారికి 78 దాటాక వచ్చింది, మామగారికి ఇప్పుడు 76. ఇద్దరికీ ఇంత ఆలస్యంగా వచ్చింది కాబట్టి ఒక కుటుంబంలో తరం తర్వాత తరం వరసగా వచ్చే రకం అనిపించడం లేదు. అది వేరే మూడు జీన్లలో మార్పుల వల్ల వస్తుంది: ఏపీపీ, ప్రెసెనిలిన్ 1, ప్రెసెనిలిన్ 2. అల్జీమర్స్‌లో నూటికి ఒక్కరు కూడా ఉండరు, సాధారణంగా 65 లోపే మొదలవుతుంది, 40లలోనే వచ్చినవాళ్ళూ ఉన్నారు. మీ ఇంట్లో ఆ లక్షణం లేదు.

లెప్రసీ వచ్చిన వృద్ధుల్లో ఇలాంటి లెక్క తీసేటప్పుడు ఒక మెలిక ఉంది. ఇ4 ఉన్నవాళ్ళలో గుండెజబ్బు కూడా కాస్త ఎక్కువ. కష్టాలన్నీ దాటి 80 దాకా బతికినవాళ్ళని మాత్రమే పరీక్షిస్తే ఇ4 తక్కువ కనిపించొచ్చు, దాన్ని చూసి "లెప్రసీ కాపాడింది" అనుకుంటే బోల్తా పడతాం. అరపేజీగారు చెప్పిన 1992 లెక్కలోనూ ఎవరికి ఏ ఏపీఓఈ ఉందో ఎవరూ చూసి ఉండరు, ఇ4 సంగతి బయటపడిందే ఆ మరుసటేడు కదా.

అరపేజీ

ఒప్పుకుంటున్నాను, డాప్సోన్ మాట వెనక్కి తీసుకున్నా. ఆ రివర్సు లెక్క నాకు తట్టలేదు.

రెండో_షిఫ్టు

జీన్ల సంగతి వాళ్ళు చూసుకుంటారు గానీ నాకు ఆ 15 మార్కుల మీద అనుమానంగా ఉందక్కా. నేను లెప్రసీ వచ్చి తగ్గినవాళ్ళ వృద్ధాశ్రమంలో నర్సుని.

30 మార్కుల పరీక్షలో ఏమేం ఉంటాయో గుర్తు చేసుకోండి. కాగితం కుడిచేత్తో తీసుకుని, సగానికి మడిచి, ఒళ్ళో పెట్టుకోండి: మూడు మార్కులు. ఒక వాక్యం రాయండి: ఒకటి. ఒకదాంట్లోకి ఒకటి దూరిన రెండు ఐదు మూలల బొమ్మలు చూసి గీయండి: ఒకటి. కాగితం మీద ఉన్నది చదివి అలా చేయండి: ఒకటి. గడియారం, పెన్సిల్ చూపించి ఇవేంటి: రెండు. మొత్తం ఎనిమిది మార్కులు చేతికీ కంటికీ వేసినవే. ముడుచుకున్న వేళ్ళతో కాగితం మడవలేక జారిపోతే "సూచన అర్థం కాలేదు" అని సున్నా పెట్టినవాళ్ళని నేను చూశాను. మా దగ్గర ఒక పెద్దాయన అయితే పెన్సిలు అరచేతికీ బొటనవేలికీ మధ్య ఇరికించుకుని ఐదు నిమిషాలు కష్టపడి గీస్తే, వచ్చిన కొత్త డాక్టరు టైమైపోయిందని లాగేసుకున్నాడు. ఆయనకి చదువు కూడా లేదు, జబ్బు వచ్చిందని మూడో క్లాసులోనే బడి మాన్పించారు, ఆ రోజుల్లో అందరికీ అదే జరిగేది.

మీ మామగారికి ఆ ఎనిమిదిలో ఎన్ని పోయాయో అడిగి తెలుసుకోండి. మోకా అని ఇలాంటిదే ఇంకో జ్ఞాపకశక్తి పరీక్ష ఉంది, చూపు లేనివాళ్ళ కోసం దాంట్లో ఒక రకం ఉంది, 22 మార్కులకి, బొమ్మలూ గీతలూ తీసేసి నోటితో చెప్పేవే ఉంచారు. అది అడగండి. ఇంకోటి, పదేళ్ళ కిందటితో పోల్చి ఇప్పుడెలా ఉన్నారో ఇంట్లోవాళ్ళని అడిగి నింపే ప్రశ్నల కాగితం ఉంటుంది, దానికి చేతులూ అక్కర్లేదు కళ్ళూ అక్కర్లేదు, మీరు చెప్తే చాలు. మీరు రాసింది చదివితే మార్పు నిజంగానే ఉందనిపిస్తోంది, లేదనడం లేదు. కానీ 15కీ 21కీ తేడా ఉంది, మందులూ జాగ్రత్తలూ దాన్ని బట్టే మారతాయి.

రెండోది, బకెట్ సంగతి. అది చదివి నాకు చేతులు చల్లబడ్డాయి. మనకి నొప్పి చేసే పని వాళ్ళకి ఇన్నేళ్ళూ జ్ఞాపకం చేసింది అక్కా. పొద్దున్నే పాదాలు చూసుకోవడం, చెప్పులో రాయి ఉందేమో దులుపుకోవడం, రెప్ప మూతపడని కంటిని గంటకోసారి గట్టిగా మూయడం, నీళ్ళు మోచేత్తో చూడడం, ఇవన్నీ యాభై ఏళ్ళ అలవాట్లు. మతి పోవడం మొదలైతే ముందు ఈ అలవాట్లు జారిపోతాయి, నొప్పి వచ్చి గుర్తు చేయదు కదా. మా దగ్గర డిమెన్షియా మొదలైందని మేము కనిపెట్టేది పేర్లు మర్చిపోవడం చూసి కాదు, ఎప్పుడూ శుభ్రంగా ఉండే పాదంలో పుండు కనపడితే అనుమానం వస్తుంది.

రోజుకోసారి పాదాలు మీరే చూడండి, వేళ్ళ మధ్య కూడా. ఎర్రగా వెచ్చగా ఉన్న చోటుని వదలొద్దు. కంట్లో చుక్కల మందు మీరే వేయండి. వేడినీళ్ళు ఆయన చేతికి అందకుండా చేయండి. ఇప్పుడున్న కాలిన గాయం సంగతేంటి?

అమ్మకొడుకు

మా కథ కూడా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో. మా అమ్మకి లెప్రసీ 71 ఏళ్ళకి బయటపడింది, మందులు మొదలుపెట్టిన నాలుగో నెలలో రియాక్షన్ వచ్చి నరాలు వాచాయి, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ పెద్ద డోసు పెట్టారు. పది రోజులకి అమ్మ రాత్రంతా మేలుకుని గోడతో మాట్లాడడం మొదలుపెట్టింది, నన్ను ఎవరని అడిగింది. ఒక క్లినిక్‌లో డిమెన్షియా అన్నారు, నెట్‌లో చూసి నేనూ జీన్ టెస్టు దాకా వెళ్ళాను. లెప్రసీ చూసే డాక్టరు ఒక్కసారి చీటీ చూసి ఇది స్టెరాయిడ్ వల్ల, దానికితోడు డాప్సోన్ వల్ల రక్తం పడిపోయింది అన్నారు. స్టెరాయిడ్ మెల్లగా తగ్గించి డాప్సోన్ ఆపేశారు, ఆరు వారాల్లో అమ్మ మళ్ళీ నా లెక్కల్లో తప్పులు పట్టే స్థితికి వచ్చింది. హఠాత్తుగా రోజుల్లో వచ్చింది వేరు, ఏడాదిన్నరగా మెల్లగా వచ్చింది వేరు అని అప్పుడు తెలిసింది. మీది రెండో రకంలా ఉంది అక్కా, అయినా ఆయన ఇప్పుడు ఏమేం మందులు వేసుకుంటున్నారో చీటీ తీసి ఒకసారి చూపించండి. నిద్రమాత్రలు, ఎలర్జీ మాత్రలు కూడా ఈ వయసులో మతి తప్పిస్తాయట.

ఇంకో ముక్క, డాప్సోన్ వాడేవాళ్ళకి షుగర్ మూడు నెలల పరీక్ష తక్కువగా చూపిస్తుంది, దాన్ని నమ్మి అమ్మకి షుగర్ లేదనుకున్నాం, ఉంది.

నిద్రలేని_కోడలు

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. రెండో_షిఫ్టుగారూ, గాయానికి రోజూ డ్రెస్సింగ్ జరుగుతోంది, పుండు పడలేదు, మానుతోంది. మీరు రాసిన కంటి సంగతి చదివి వెళ్ళి చూస్తే రెప్ప మూయడం నిజంగానే మానేశారు, కన్ను ఎర్రగా ఉంది. నేను ఇన్నాళ్ళూ గమనించలేదు. సిగ్గేసింది.

మా ఆయన ఇవన్నీ చదివి కాస్త మెత్తబడ్డారు, కానీ టెస్టు పట్టు వదలడం లేదు. "తెలిస్తే జాగ్రత్త పడతాగా" అంటున్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది?

డీఎన్ఏ_గుమాస్తా

తప్పు లేదు. మామగారి విషయంలో అయితే జబ్బేంటో తేల్చడానికి ఏపీఓఈ పెద్దగా పనికిరాదు, ఇ4 ఉన్నా లేకపోయినా చూసుకోవడం మారదు. ఒక్క సందర్భంలో పనికొస్తుంది: లెకనెమాబ్ లాంటి అల్జీమర్స్ కొత్త మందులు ఇవ్వాలనుకుంటే ముందు చూస్తారు, రెండు ఇ4లు ఉన్నవాళ్ళకి ఆ మందుతో మెదడులో వాపు ముగ్గురిలో ఒకరికి స్కాన్‌లో కనిపించింది. అది కూడా జబ్బు మొదటి దశలో ఉన్నవాళ్ళకే ఇచ్చే మందు. మీవారి విషయంలో, రిపోర్టు వచ్చాక తిరిగి ఇచ్చేసే వీలుండదని గుర్తుపెట్టుకోండి. అది ఆయన ఒక్కడిదే కాదు, ఆయనలో ఇ4 ఉంటే అన్నదమ్ముల్లో, పిల్లల్లో ఉండే అవకాశం గురించి కూడా చెప్పినట్టే. ముందు జెనెటిక్ కౌన్సెలర్‌తో ఒక గంట కూర్చోమనండి, అప్పటికీ కావాలంటే చేయించుకోమనండి.

వానచుక్క

నేను చేయించుకున్నాను, మా నాన్నకి అల్జీమర్స్. ఒక ఇ4 ఉంది. మొదటి ఆరు నెలలు తాళాలు ఎక్కడ పెట్టానో మర్చిపోయిన ప్రతిసారీ అయిపోయాననుకున్నాను, ఆఫీసులో ఒకరి పేరు గుర్తురాకపోతే బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. ఇప్పుడు అలవాటైంది. బీపీ మందు ఎగ్గొట్టడం మానేశాను, అదొక్కటే లాభం, దానికి టెస్టు అక్కర్లేదని మా ఆవిడ అంటుంది. ఆవిడ చెప్పేది కరెక్టే, అయినా నేను మళ్ళీ వెనక్కి వెళ్ళినా చేయించుకుంటాననే అనిపిస్తుంది. ఎందుకో చెప్పలేను.

పాత_స్టెతస్కోప్

జాగ్రత్త పడతానన్నారు కాబట్టి చెప్తున్నాను. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో ఒక నివేదిక ఇచ్చింది, డిమెన్షియాకి మార్చుకోగల కారణాలు 14 అని, వాటన్నిటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులు ఆపడమో వెనక్కి నెట్టడమో చేయొచ్చని. ఆ జాబితా మొదటిసారి చదివినప్పుడు నా పాత వార్డు కళ్ళ ముందు నిలబడింది. చిన్నప్పుడు చదువు లేకపోవడం, చూపు పోవడం, వినికిడి పోవడం, డిప్రెషన్, మనుషుల్లేని ఒంటరితనం, ఒళ్ళు కదిలించలేకపోవడం, తలకి దెబ్బలు. లెప్రసీ వచ్చిన మనిషికి ఇందులో సగం జబ్బు వల్ల వచ్చాయి, మిగతా సగం చుట్టుపక్కలవాళ్ళు పెట్టారు. ఒక మనిషిని ముప్పై ఏళ్ళు ఎవరూ ముట్టుకోకుండా, పలకరించకుండా ఉంచేసి 75 ఏళ్ళకి ఆయన మతి తగ్గితే జీన్లు వెతుకుతున్నామంటే నాకు కాస్త నవ్వూ, కాస్త కోపమూ వస్తాయి. డీఎన్ఏ_గుమాస్తాగారిని అనడం లేదు, ఆయన చక్కగా చెప్పారు. మేము డాక్టర్లమే ఆ వార్డుకి ఒక రేడియో కొనిపెట్టడానికి ఏళ్ళు తీసుకున్నాం.

అమ్మా, మీ మామగారికి చెవులు ఎలా ఉన్నాయి? అది ఎవరూ అడగలేదు.

నిద్రలేని_కోడలు

అప్‌డేట్. మూడు వారాలైంది, ఆలస్యానికి సారీ.

వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పాత కాగితం తీసి చూస్తే ఆ ఎనిమిదిలో ఆయనకి ఆరు పోయాయి, కాగితం మడవడం, రాయడం, బొమ్మ, చదవడం అన్నీ సున్నాలే. నోటితో చెప్పే పరీక్ష పెట్టారు, 22కి 13 వచ్చాయి. బి12 బాగా తక్కువ ఉంది, ఇంజెక్షన్లు మొదలయ్యాయి. తల స్కాన్‌లో రక్తం గడ్డ ఏమీ లేదు, జ్ఞాపకశక్తికి సంబంధించిన చోట కాస్త ముడుచుకుపోయిందన్నారు. అంటే డిమెన్షియా ఉంది, అల్జీమర్స్ కావొచ్చు, మొదటి దశే అన్నారు. బి12 వల్ల ఎంత తేరుకుంటారో మూడు నెలలు ఆగి చూద్దామన్నారు. లెప్రసీ మెదడుకి ఎక్కిందా అని అడిగితే ఆవిడ నవ్వి లేదన్నారు.

చెవుల సంగతి మీరే పట్టుకున్నారు డాక్టరుగారూ. కుడి చెవి బాగా తగ్గిపోయింది. అడిగిందే అడగడంలో కొంత మేము చెప్పింది వినపడకేనట. వినికిడి మిషన్ పెట్టించాం, ఆ చిన్న బటన్ ఆయన వేళ్ళకి అందదు కాబట్టి పొద్దున నేను పెడతాను, రాత్రి మా ఆయన తీస్తారు.

మా ఆయన కౌన్సెలర్‌ని కలిశారు. టెస్టు ఇప్పుడు వద్దనుకున్నారు, ఎప్పటికీ వద్దు అని మాత్రం అనలేదు. రాత్రి మిషన్ తీసేటప్పుడు వాళ్ళ నాన్న పాదాలు కూడా ఆయనే చూస్తున్నారు, ఫోన్ టార్చ్ వేసుకుని వేళ్ళ మధ్య కూడా. నిన్న మామగారు టార్చ్ వెలుగుకి కాలు లాక్కుని "ఏం వెతుకుతున్నావురా" అని అడిగారు. కొడుకు పేరుతోనే పిలిచారు.